గ్రాముల లెక్కతో పాటు ఒంటికి ఏమవుతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్ బెంగళూరు పేజీలో తరచూ డ్రగ్స్ పట్టివేత వార్త ఉంటుంది. ఎన్ని గ్రాములు, ఎన్ని లక్షలు, ఎక్కడివాళ్లు, ముసుగులేసి నిలబెట్టిన ఒక ఫొటో, అంతే. ఎండీఎంఏ (పార్టీల్లో వేసుకునే మత్తు మాత్ర), కొకైన్ అని పక్కపక్కనే రాస్తారు గానీ, అవి ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తాయో, తీసుకున్నవాడు పడిపోతే పక్కనున్నవాళ్లు ఏం చేయాలో ఒక్క లైను కూడా ఉండదు. నాది మదనపల్లె. ఇక్కడ బెంగళూరులో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు కూడా శనివారం రాత్రుళ్లు ఈ రెండింటి వల్లే మా దగ్గరికి వస్తున్నారు. ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదు.

తీసుకొచ్చిన ఫ్రెండ్స్ నాతో తరచుగా అనే మాట ఒకటుంది: "కొకైన్ కాదు సిస్టర్, జస్ట్ ఎండీఎంఏ." కొకైన్ అంటే డబ్బున్నవాళ్లు చెడిపోయే సరుకు, ఎండీఎంఏ అంటే పార్టీలో వేసుకునే మాత్ర అని వాళ్ల లెక్క. చట్టం లెక్క అలా లేదు. ఎండీఎంఏ 10 గ్రాములు దాటితే చాలు, అది కమర్షియల్ క్వాంటిటీ (అమ్మకం స్థాయి పరిమాణం), అంటే కనీసం పదేళ్ల జైలు. కొకైన్‌కి ఆ హద్దు 100 గ్రాములు. ఒంటి సంగతికొస్తే, రెండూ ప్రాణం తీయగలవు, తీసే దారులే వేరు.

ఎండీఎంఏతో మాకు మొదటి భయం ఒంటి వేడి. మెదడులో ఉండే సెరటోనిన్ అనే రసాయనాన్ని అది ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది. అందుకే వేసుకున్నవాళ్లకు అందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుంది, అలుపు తెలియదు, గాలాడని హాల్లో గంటల తరబడి ఎగురుతున్నా ఒళ్లు కాలిపోతున్న సంగతి తెలియదు. టెంపరేచర్ 40 డిగ్రీలు దాటితే కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీలకు చేరుతుంది, లివర్ పాడవుతుంది, ఫిట్స్ వస్తాయి. రూమ్మేట్స్ జ్వరం అనుకుని డోలో వేస్తారు. ఇది ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన జ్వరం కాదు, పారాసిటమాల్‌కి లొంగదు. బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, ఫ్యాన్ కింద పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. రెండో ప్రమాదం నీళ్లు. బాగా తాగాలని ఎవరో చెప్పిన మాట పట్టుకుని బాటిళ్లకు బాటిళ్లు తాగేస్తారు. ఎండీఎంఏ ఒంట్లో నీటిని బయటికి సరిగా పోనివ్వదు కాబట్టి రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది, ముఖ్యంగా ఆడపిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతులు, పొంతన లేని మాటలు మొదలైన మనిషికి తేరుకుంటుందని ఇంకో బాటిల్ తాగించడం చాలా ప్రమాదం. పైగా మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, పనిచేయలేదనుకుని రెండోది వేసుకుంటారు, అందులో అసలు ఏం కలిపారో అమ్మినవాడికి కూడా తెలియకపోవచ్చు. తర్వాత రోజుల్లో మనసు దిగజారిపోవడం, నిద్ర పట్టకపోవడం సరేసరి.

కొకైన్ దెబ్బ గుండె మీద. ముక్కుతో పీల్చిన కొన్ని నిమిషాల్లోనే ఎక్కుతుంది, అరగంట, గంటలో దిగిపోతుంది. దిగగానే మళ్లీ కావాలనిపిస్తుంది, అలా ఒకే రాత్రిలో పదేపదే తీసుకుంటారు. వ్యసనంగా మారే గుణం దీనికి ఎండీఎంఏ కంటే బాగా ఎక్కువ, ఆ వ్యసనాన్ని మాన్పించే మందంటూ ఆమోదం పొందింది ఇప్పటికీ లేదు. బీపీ పెంచుతుంది, గుండె రక్తనాళాలను బిగించేస్తుంది. తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు 24 రెట్లు పెరుగుతుందని 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మద్యంతో కలిస్తే లివర్‌లో కోకాఎథిలీన్ అనే ఇంకో పదార్థం తయారవుతుంది. అది కొకైన్ కంటే ఎక్కువసేపు ఒంట్లో ఉండి గుండెను సతాయిస్తుంది. పార్టీలో మద్యం లేకుండా ఎక్కడుంటుంది?

నిండా ముప్పై కూడా లేని అబ్బాయి ఛాతీ నొప్పితో వస్తే, "గ్యాస్ సిస్టర్, రాత్రి బిర్యానీ తిన్నాడు" అని ఫ్రెండ్స్ గట్టిగా చెప్పారు. ఈసీజీ వేరే చెబుతోంది. చాలాసేపటికి వాళ్లలో ఒకడు నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. ఆ ఆలస్యం ఎంత పనిచేస్తుందో మీ పాఠకులకు తెలియాలి. గుండె వేగం తగ్గించడానికి మామూలుగా వాడే బీటా బ్లాకర్లు కొకైన్ ఒంట్లో ఉన్నప్పుడు ఇస్తే రక్తనాళాలు ఇంకా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, అందుకని చాలామంది డాక్టర్లు ఆ సమయంలో వాటి జోలికి పోరు. ఏం తీసుకున్నాడో చెప్పకపోతే ఆ జాగ్రత్త ఎలా పడతారు? మాకు కావలసింది ఏది, ఎప్పుడు, దేంతో కలిపి అన్న మూడు ముక్కలే.

చెప్పకపోవడానికి కారణం పోలీసుల భయం. ఆ భయం ఉత్తిదని నేను అనను, ఆసుపత్రి ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు) రాయొచ్చు. కానీ మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. వ్యసనంలో పడినవాళ్లు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తమంతట తాము చికిత్సకు చేరి పూర్తి చేసుకుంటే, వాడకం కేసులోనూ, కొద్ది పరిమాణం దొరికిన కేసులోనూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఇది తెలిసిన తల్లిదండ్రులు నాకు ఇంతవరకు కనిపించలేదు. కొడుకు పరువు పోతుందని రాత్రికి రాత్రే ఊరికి తీసుకెళ్లిపోతారు. ఇదే బెంగళూరులో మానసిక, నరాల జబ్బులకు పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది, వ్యసనాలకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది.

ఈసారి పట్టివేత వార్త వేసినప్పుడు ఫొటో కొంచెం చిన్నది చేసి, దాని పక్కన ఒక బాక్స్ కట్టండి. ఒళ్లు కాలిపోతుంటే చల్లబరచండి, ఛాతీ నొప్పంటే గ్యాస్ అనుకుని కూర్చోకండి, డాక్టర్‌కి నిజం చెప్పండి, అంబులెన్స్‌కి 108, మానుకోవాలనుకునేవాళ్లకు 14446. పీజీలు నడిపే మనవాళ్లు దాన్ని కత్తిరించి మెస్ గోడకు అంటించినా చాలు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, బీటీఎం లేఅవుట్, బెంగళూరు