శ్రోతల సంఘం వార్షిక నివేదిక, 2025–26: చివరి పాట దాకా

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత వార్షిక సమావేశం ఎలా ముగిసిందో మీకు గుర్తుండే ఉంటుంది. 1960, 70ల నాటి రాక్ సంగీతమైన క్లాసిక్ రాక్‌లో అన్నిటికన్నా గొప్ప ఆల్బం ఏదని ఓటింగు పెట్టుకుంటే, వాదన రాత్రి పదకొండు దాటింది. ఇద్దరు పాత సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడకుండానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు ఓటు కాగితాలు సర్దుతూ, ఓటుతోపాటు మీరు రాసిన కారణాలు చదివాను. మొదటి స్థానంలో నిలిచిన బ్రిటిష్ బృందం లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బంకు 11 ఓట్లు వచ్చాయి. వాటిలో 8 కాగితాల మీద ఉన్న కారణం ఒక్కటే, 'స్టెయిర్‌వే టు హెవెన్' (స్వర్గానికి మెట్లు). ఆ పాట రికార్డు మొదటి వైపు చివర వస్తుంది. రెండో వైపు గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

అందుకే ఏప్రిల్ సమావేశంలో ఒక తీర్మానం ప్రతిపాదించాను. ఆల్బంను మొదటి పాట నుంచి చివరి పాట దాకా సంఘం గదిలో కూర్చుని వినాలి. ఏడాదిలో జరిగే 12 సమావేశాల్లో కనీసం ఎనిమిదింటికి వచ్చినవారికే ఓటు హక్కు. రికార్డు మీద ముల్లు పెట్టాక మాటలు ఉండవు, ఫోన్లు బయట బుట్టలో ఉంటాయి. దీన్ని గట్టిగా వ్యతిరేకించినవారు ఉన్నారు. నలభై ఏళ్ళుగా వింటున్న రికార్డును మళ్ళీ విని పరీక్ష రాయాలా అని ఒక పెద్దాయన బాధపడ్డారు. ఆయన బాధలో న్యాయం ఉంది. అయినా తీర్మానం నెగ్గింది, ఆయన పన్నెండు సమావేశాలకూ వచ్చారు. ఈ నివేదిక చాలావరకు ఆ నిబంధన వల్ల జరిగిన వాటి గురించే.

మే నెలలో ముందుగా వివాదానికి కారణమైన ఆల్బంనే పెట్టాం. 1971 నవంబరులో వచ్చిన ఆ రికార్డు అట్ట మీద బృందం పేరు లేదు, ఆల్బం పేరూ లేదు. చివరి పాట 'వెన్ ది లెవీ బ్రేక్స్' మొదలవగానే గదిలో అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చోవడం చూశాను. ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింద హాల్లో బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టారు. పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీశారు. ఆ దెబ్బ గోడలకు తగిలి, మెట్ల మీదుగా పైకెక్కి మైకును చేరిందన్నమాట. ఇన్నాళ్ళూ మెట్ల పాట దగ్గరే ఆగిపోయినవాళ్ళం, నిజంగా మెట్లలో మోగిన చప్పుడును ఆ రోజు విన్నాం. ఎనిమిది కాగితాల వాళ్ళలో ఒకరు నా దగ్గరికి వచ్చి, "ఇన్నేళ్ళూ ఈ ప్లేటును తిరగేయలేదండీ" అన్నారు.

జూన్ 11న అమెరికా బృందం బీచ్ బాయ్స్ స్వరకర్త బ్రయాన్ విల్సన్ కన్నుమూశారు. అనుకున్న కార్యక్రమం మార్చి, బీచ్ బాయ్స్ వారి 'పెట్ సౌండ్స్' వేశాం. కుడి చెవి దాదాపు వినిపించని మనిషి, 23 ఏళ్ళ వయసులో కూర్చిన రికార్డు అది. బీటిల్స్ వారి 'రబ్బర్ సోల్' విని, దాన్ని మించిన ఆల్బం చేయాలని పంతం పట్టారు. తర్వాత తమ 'సార్జెంట్ పెపర్స్' ఆల్బంకు ప్రేరణ 'పెట్ సౌండ్స్' అని బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీయే చెప్పారు. చివరి పాట ముగిశాక ఒక రైలు వెళ్ళిపోతుంది, కుక్కలు మొరుగుతాయి. మన గది సికింద్రాబాద్ రైలు మార్గానికి దగ్గర. రికార్డు ఆగాక దూరంగా నిజం రైలు కూత వినిపించింది. అది పోయేదాకా ఎవరూ లేవలేదు.

జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో బ్లాక్ సబ్బత్ బృందం గాయకుడు ఓజీ ఓస్బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడిన చివరి కచేరీని పదిహేను మంది సభ్యులం గది గోడ మీద తెర కట్టి చూశాం. బ్లాక్ సబ్బత్ తొలి నలుగురూ ఒకే వేదికపై కలిసి వాయించడం ఇరవై ఏళ్ళలో అదే మొదలు. జులై 22న ఓజీ పోయారు. ఆగస్టు సమావేశంలో బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బం విన్నాం. 1969 అక్టోబరులో దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసింది. మొదట వాన, ఉరుము, గుడి గంటలా దూరంగా ఒక గంట. ఆపైన టోనీ ఐయోమీ గిటారు. ఆయన పదిహేడో ఏట రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అందువల్ల తీగలు నొక్కవలసినవి ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నారు, వాటికి తోలు అంటించారు, సన్నని తీగలు కట్టుకున్నారు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే మన సభ్యుడు ఈ సంగతి విని తన బొటనవేలు అందరికీ చూపించారు. గోరు సగం లేదు. ఆయన గిటారు వాయించరు. కానీ ఆ రోజు ఐయోమీ గురించి ఆయన మాట్లాడినట్టు ఇంకెవరూ మాట్లాడలేకపోయారు.

సెప్టెంబరు 12కు పింక్ ఫ్లాయిడ్ వారి 'విష్ యు వర్ హియర్' విడుదలై సరిగ్గా యాభై ఏళ్ళు. 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' అనే తొమ్మిది భాగాల పాటను రెండుగా చీల్చి ఆల్బంకు ఒక సగం మొదట, ఒక సగం చివర పెట్టారు. ఆ పాట సిడ్ బారెట్ గురించి. బృందాన్ని మొదలుపెట్టి, మనసు చెదిరి దూరమైన స్నేహితుడు. 1975 జూన్ 5న వాళ్ళు ఆబీ రోడ్ స్టూడియోలో పనిలో ఉండగా లావెక్కిన ఒక మనిషి, తలా కనుబొమ్మలూ గొరిగించుకుని లోపలికి వచ్చాడు. కాసేపటిదాకా ఎవరూ గుర్తుపట్టలేదు. అతనే సిడ్. ఈ కథ తెలిసినవారు మనలో చాలామందే ఉన్నారు. అయితే మొదటి సగం విని, మధ్యలోని మూడు పాటలు దాటుకుని, అదే రాగం చివర మళ్ళీ తలుపు తట్టినప్పుడు దాన్ని మనమూ వెంటనే పోల్చుకోలేకపోయాం. ఒక్క పాటగా విడదీసి వింటే ఆ క్షణం దొరకదు.

ఇక అక్టోబరు సమావేశం. ఈ ఏడాది సంఘానికి ఇదే ముఖ్యమైన రోజని నేను నమ్ముతున్నాను. గత ఏడాది మనం పెట్టుకున్న ఇరవై ఆల్బంల జాబితాలో ప్రధాన గాయనిగా ఆడవారి గొంతు ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం 'రూమర్స్'లో తప్ప ఇంకెక్కడా లేదు. కొత్తగా చేరిన ఒక విద్యార్థిని ఆ మాట లేవనెత్తి, అమెరికా గాయని జానిస్ జోప్లిన్ ఆల్బం 'పెర్ల్' తెచ్చింది. జానిస్ 1970 అక్టోబరు 4న, 27 ఏళ్ళకే చనిపోయింది. అప్పటికి ఈ ఆల్బం పూర్తికాలేదు. 1971 జనవరిలో విడుదలైంది. ఆ అమ్మాయి ముందుగా ఏమీ చెప్పలేదు. తడిగుడ్డతో ప్లేటు తుడిచి, ముల్లు పెట్టి వెళ్ళి వెనక కూర్చుంది.

నాలుగు పాటలు ఆ గొంతు గదిని ఊపేసింది. ఐదో పాటలో వాయిద్యాలు హుషారుగా అందుకున్నాయి. ఇప్పుడు పాడుతుంది, ఇప్పుడు పాడుతుంది అని ఎదురుచూశాం. ఎవరూ పాడలేదు. మొదటి వైపు అలాగే అయిపోయింది. ముల్లు చివరి గాడిలో కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. అప్పుడు ఆ అమ్మాయి లేచి చెప్పింది: "ఆ పాటకు వాయిద్యాలు సిద్ధమయ్యాయి. పాడకముందే ఆమె చనిపోయింది. బృందం దాన్ని అలాగే ఉంచేసింది." ఆ పాట పేరు 'బరీడ్ అలైవ్ ఇన్ ది బ్లూస్'. రెండో వైపు తిరగేయడానికి మాకు కొంతసేపు పట్టింది. అందులో 'మెర్సిడిస్ బెంజ్' వస్తుంది. వాయిద్యం ఒక్కటీ లేదు, ఆమె గొంతు, కాలితో వేసే తాళం, చివర ఒక నవ్వు. చనిపోవడానికి మూడు రోజుల ముందు పాడింది. ఒక వైపు గొంతు లేని వాయిద్యం, రెండో వైపు వాయిద్యం లేని గొంతు. ముప్ఫై ఏళ్ళుగా రాక్ వింటున్నానని చెప్పుకునే నేను ఈ రెండింటినీ ఒకే బైఠకులో ఎన్నడూ వినలేదు. ఆ విద్యార్థినికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

నవంబరులో ఎక్కువమంది వస్తారని అద్దె హాలు తీసుకున్నాం. డీప్ పర్పుల్ వారి రెండు ప్లేట్ల కచేరీ ఆల్బం 'మేడ్ ఇన్ జపాన్' మూడో వైపు నడుస్తుండగా, సమయం అయిపోయిందంటూ హాలు వారు కరెంటు తీసేశారు. గడువుకు ఇంకా అరగంట ఉంది. రసీదు చూపించినా ఫలితం లేకపోయింది. మిగిలిన భాగం డిసెంబరులో విన్నాం. కచేరీ ఆల్బంలను పోటీలోకి తీసుకోవచ్చా అనే చర్చ ఆ రోజు తెగలేదు. నా అభిప్రాయం తీసుకోవాలనే. ఏరికూర్చిన హిట్ పాటల సంకలనాలను మాత్రం చేర్చకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం.

జనవరిలో కచేరీ జ్ఞాపకాల సాయంత్రం జరిగింది. మన అధ్యక్షులు 1977 జూన్‌లో చికాగోలో విద్యార్థి. సోల్జర్ ఫీల్డ్ మైదానంలో పింక్ ఫ్లాయిడ్‌ను చూశారు. ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో గుర్తులేదు గాని, జనం తలల మీదుగా గాలితో నింపిన పెద్ద పంది తేలుతూ రావడం నిన్న చూసినట్టు చెప్పారు. బెంగళూరు జ్ఞాపకాలైతే లెక్కలేనన్ని. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ కోసం ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వెళ్ళినవారే మనలో తొమ్మిది మంది ఉన్నారట. ఒకరికొకరు అప్పటికి తెలియదు. ఒకే రాత్రి బస్సులో, నల్ల చొక్కాలతో, వరసగా రెండు సీట్లలో కూర్చుని వెళ్ళిన ఇద్దరు ఆ సంగతి ఈ జనవరిలో తెలుసుకున్నారు. వారిలో ఒకరు ఇంట్లో స్నేహితుడి పెళ్ళి అని చెప్పి బయల్దేరారు. తిరిగివచ్చాక మూడు రోజులు గొంతు రాలేదు. పెళ్ళిలో అంతగా ఏం అరిచావురా అని వాళ్ళమ్మ అడిగారట.

చివరగా మాట్లాడినవారు ఏ కచేరీకీ వెళ్ళలేదు. 2002 ఏప్రిల్‌లో పింక్ ఫ్లాయిడ్ మాజీ సభ్యుడు రోజర్ వాటర్స్ బెంగళూరు వచ్చినప్పుడు ఆయన టికెట్ కొనుక్కున్నారు. బయల్దేరే రోజు ఉదయం తండ్రిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆ టికెట్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చారు. చివర చించవలసిన ముక్క చెక్కుచెదరకుండా ఉంది. చేతులు మారుతూ గదంతా తిరిగి ఆ టికెట్ మళ్ళీ ఆయన దగ్గరికి చేరింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాక్‌మన్ పెట్టుకుని పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' క్యాసెట్ రెండు వైపులూ విన్నానని చెప్పారు. మన నిబంధనను మనకన్నా ఇరవై మూడేళ్ళ ముందే పాటించారాయన.

మార్చిలో ఓటింగు జరిగింది. మొత్తం 41 మంది సభ్యుల్లో 23 మంది అర్హత సాధించారు. 'విష్ యు వర్ హియర్'కు 8, బీటిల్స్ వారి 'ఆబీ రోడ్'కు 7, 'పెర్ల్'కు 5, లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బంకు 3 ఓట్లు వచ్చాయి. నిరుటి జాబితాలోనే లేని 'పెర్ల్' మూడో స్థానానికి వచ్చింది. లెడ్ జెప్లిన్ ఆల్బంకు వచ్చిన మూడు ఓట్లలో ఒకటి నాది, మెట్ల చప్పుడు నన్ను వదలలేదు. 'ఆబీ రోడ్' సమావేశం ఫిబ్రవరిలో జరిగింది. మొదటి వైపు చివరి పాట బరువెక్కి బరువెక్కి కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. ప్లేటు తిరగేయగానే 'హియర్ కమ్స్ ది సన్'. ఆ తిరగేసే అరనిమిషం నిశ్శబ్దం కూడా ఆల్బంలో భాగమేనని ఆ రోజు వాదించినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మాట్లాడుకోకుండా వెళ్ళిపోయిన ఆ ఇద్దరు పాత సభ్యులూ ఈసారి ఒకే ఆల్బంకు ఓటేశారు. అది ఏదో చెప్పవద్దని ఇద్దరూ విడివిడిగా కోరారు.

జమాఖర్చులు: పాత నిల్వ రూ. 11,350, సభ్యత్వ రుసుం (ఒక్కొక్కరికి రూ. 1,200) రూ. 49,200, మొత్తం రూ. 60,550. ఖర్చులు: కొత్త ముల్లు రూ. 7,400, ఆంప్లిఫయర్ మరమ్మతు రూ. 5,600, పాత రికార్డుల కొనుగోలు రూ. 18,300, హాలు అద్దె రూ. 6,000, టీ, టిఫిన్లు రూ. 13,900, మొత్తం రూ. 51,200. నిల్వ రూ. 9,350. కొన్న రికార్డుల్లో కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఉంది. అట్ట చివర్లు నలిగాయి, మూడో పాట దగ్గర చిన్న గీత ఉంది, మిగతాది శుభ్రంగా మోగుతుంది. సభ్యులు ఇంటికి తీసుకెళ్ళి విని, వారంలోగా తిరిగి ఇవ్వవచ్చు.

వచ్చే ఏడాది కార్యక్రమంలో రెండు ఖరారయ్యాయి. ఆగస్టులో బీటిల్స్ వారి 'రివాల్వర్' అరవై ఏళ్ళు, డిసెంబరులో ఈగిల్స్ వారి 'హోటల్ కాలిఫోర్నియా' యాభై ఏళ్ళు. మొదటి సమావేశం ఏప్రిల్ మూడో ఆదివారం సాయంత్రం 5 గంటలకు, యాభై ఏళ్ళు నిండిన రష్ బృందం '2112'తో మొదలవుతుంది. దాని మొదటి వైపంతా ఒకే కూర్పు, ఇరవై నిమిషాలు దాటుతుంది. 5 తర్వాత వచ్చేవారు ప్లేటు తిరగేసే వరకు దయచేసి వరండాలో కూర్చోండి. అక్కడ కుర్చీలు వేయించాం.

కార్యదర్శి