మెట్రో దిగాక ఆ మలుపు

సంపాదకులకు నమస్కారం.

నేను నర్సును. రెండో షిఫ్టు ముగించుకుని అమీర్‌పేటలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి రాత్రి పది దాటుతుంది. రైల్లో నాకు బెరుకు లేదు. మహిళలకు విడిగా చోటు ఉంది, వెలుతురు ఉంది, చుట్టూ మనుషులుంటారు. స్టేషన్ మెట్లు దిగాకే గుండె వేగం పెరుగుతుంది. మా కాలనీ మలుపులో వీధి దీపం వెలగక నెల దాటింది. పక్కనే ఉన్న పాల దుకాణం వాళ్లు తొమ్మిదిన్నరకే షట్టరు దించేస్తారు. అక్కడి నుంచి మా గేటు దాకా తాళంచెవులు పిడికిట్లో బిగించుకుని నడుస్తాను.

2014లో మహిళలను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ వచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. రెండూ ఎంతో మేలు చేశాయి. మా వార్డు ఆయమ్మ ఇప్పుడు నెలనెలా ఒక్కతే ఊరెళ్లి తల్లిని చూసి వస్తోంది. ఒకప్పుడు కొడుకును తోడు తీసుకెళ్లాలి, ఇద్దరి చార్జీలూ కూడదీసుకోవాలి. తిరిగొచ్చిన రోజు ఆమె ముఖం చూడాలి!

“ఇంత రాత్రివేళ ఉద్యోగం అవసరమా?” అని ఇరుగుపొరుగు నన్ను అడుగుతారు. రోగులకు రాత్రి లేదు కదా! ఆ దీపం ఎందుకు వెలగడం లేదని మాత్రం ఎవరూ అడగరు.

ప్రతి మెట్రో స్టేషన్ చుట్టుపక్కల వీధులన్నింటిలో దీపాలు వెలగాలి. చివరి రైలు వచ్చేదాకా బస్సులు నడవాలి. అత్యవసర సాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు ప్రతి బస్టాపులో పెద్ద తెలుగు అక్షరాలతో కనిపించాలి. మా అమ్మాయికి ఆ రెండూ కంఠస్థం చేయించాను. ట్యూషన్ నుంచి తనూ ఆ మలుపు మీదుగానే రావాలి.

– ఒక నర్సు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్