బెంగళూరు తెలుగు బ్లాగర్ల సమావేశం: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం.

మల్లేశ్వరంలో మనం జరుపుకున్న తెలుగు బ్లాగర్ల, సోషల్ మీడియా రచయితల సమావేశానికి వచ్చిన డబ్బు 1,28,280 రూపాయలు. అయిన ఖర్చు 1,31,950. లోటు 3,670. ఈ లోటును కమిటీలోని ఐదుగురం తలా 734 రూపాయలు వేసుకుని పూడ్చాం. దీనికోసం ఎవరినీ మళ్లీ అడగం. వచ్చే ఏడాది జమలోంచి కూడా తీసుకోం.

ముందు జమ సంగతి. ప్రవేశ రుసుము 300 చొప్పున 164 మంది, విద్యార్థులు 100 చొప్పున 31 మంది కట్టారు. అది 52,300. మూడు పుస్తకాల స్టాళ్ల నుంచి 1,500 చొప్పున 4,500 వచ్చింది. మిగతా 71,480 విరాళాలు. పదివేలు ఇచ్చినవారు ముగ్గురు, ఐదువేలు ఇచ్చినవారు నలుగురు, వెయ్యినూట పదహార్లు 18 మంది, నూటపదహార్లు 12 మంది. పెళ్లిలో చదివింపులు చదివించినట్టు పదహార్లు కలిపి పంపిన ఆ ముప్పై మందికి ప్రత్యేకంగా దండాలు. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

మనది రిజిస్టరైన సంస్థ కాదు. అందుకే విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చే 80జి రసీదు ఇవ్వలేకపోయాం. ఆ మాట డబ్బు తీసుకునే ముందే అందరికీ చెప్పాం. సొంత డబ్బుతో కలవకూడదని కోశాధికారి పేరు మీద విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, ప్రతి రూపాయీ అందులోనే వేశాం, అందులోంచే తీశాం.

అమెరికా నుంచి ఇద్దరు సాయం చేస్తామన్నారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) ప్రకారం అనుమతి లేకుండా విదేశీ పౌరుల దగ్గర విరాళం తీసుకోకూడదు. భారత పౌరులు అక్కడ ఉంటూ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ చట్టం అడ్డురాదు. ఆ ఇద్దరిలో ఒకరిది ఇప్పటికీ మన పాస్‌పోర్టే, ఆయన పంపిన పదివేలు పై లెక్కలో ఉంది. రెండో ఆవిడ అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పి ఆవిడ డబ్బు వద్దన్నాం.

ఇంకో పెద్ద మొత్తం కూడా వద్దన్నాం. ఒక కంపెనీ యాభైవేలు ఇస్తామంది. బదులుగా వేదిక మీద ఇరవై నిమిషాలు తమ యాప్ గురించి మాట్లాడించాలి, అది ప్రకటన అని మాత్రం చెప్పకూడదు. మధ్యాహ్నం మనం పెట్టుకున్న చర్చే డబ్బు తీసుకుని రాసే పోస్టుల మీద. అలాంటి పోస్టుకు ప్రకటన అని స్పష్టంగా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. ఆ నియమం గురించి మాట్లాడే వేదికను మేమే అలా అమ్ముకోలేం. ఆ యాభైవేలు ఉంటే లోటు వచ్చేది కాదని కొందరన్నారు. నిజమే. అయినా మా నిర్ణయం సరైనదేనని నమ్ముతున్నాం.

ఇక ఖర్చు. హాలు అద్దె 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. మారతహళ్లిలో 22,000కే హాలు దొరికేది, ఎందుకు తీసుకోలేదని అడిగారు. అనంతపురం, హిందూపురం, కడప నుంచి వచ్చేవాళ్లు రైల్లో అయినా బస్సులో అయినా ఎక్కువగా మెజెస్టిక్ (నగరం నడిబొడ్డున ఉన్న ప్రధాన బస్టాండు, రైల్వే స్టేషను) దగ్గరే దిగుతారు. అక్కడి నుంచి మెట్రోలో తర్వాతి స్టేషనే మల్లేశ్వరంలోని సంపిగె రోడ్డు. వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వాళ్లకూ మెజెస్టిక్‌లో ఒక్కసారి రైలు మారితే చాలు. మారతహళ్లికి మెట్రో ఇంకా రాలేదు. ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లను ఆ ట్రాఫిక్‌లో తిప్పడం ఇష్టంలేక ఎక్కువ అద్దెకు ఒప్పుకున్నాం. హాలుకు కట్టిన డిపాజిట్‌లో 1,500 కోత పడింది. టేపుతో అంటించిన పోస్టర్లు తీస్తే గోడకున్న పెయింటు ఊడొచ్చింది. తప్పు మనదే.

భోజనాలు 200 విస్తళ్లు, ఒక్కొక్కటి 190, పన్నుతో 39,900. రుసుము కట్టిన 195 మందిలో వచ్చింది 158 మంది. వక్తలు, వాలంటీర్లు, హాలు పనివాళ్లు, సౌండు, వీడియో వాళ్లు అందరూ కలిసి 191 మంది తిన్నారు. మిగిలింది పొట్లాలు కట్టి పంచేశాం. రెండు పూటలా కాఫీ, టీలకు 6,400.

సౌండు, ప్రొజెక్టరు 9,500. వీడియో, లైవ్ కలిపి 18,000కు మాట్లాడుకుని 14,000 ఇచ్చాం. ఉదయం మొదటి ప్రసంగం నలభై నిమిషాలు లైవ్‌లో బొమ్మ వచ్చింది, మాట రాలేదు. సౌండువాళ్లను ఒకరు, వీడియోవాళ్లను ఇంకొకరు మాట్లాడారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి వైరు ఎవరు తెస్తారో తేల్చుకోవాల్సింది మేము, తేల్చుకోలేదు. ఇంట్లో కూర్చుని చూసినవారికి క్షమాపణలు. సభలో ఒకమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసుకుంది కాబట్టి ఆ ప్రసంగం దక్కింది.

బయటి ఊళ్ల నుంచి వచ్చిన ముగ్గురు వక్తల టికెట్లు 7,860. సభ్యుల ఇళ్లలోనే బస చేశారు, పారితోషికం ఎవరూ తీసుకోలేదు. బ్యానర్లు, బ్యాడ్జీలు 5,740. ఇంటర్నెట్ 1,150. హాలు శుభ్రం చేసిన నలుగురికి తలా 500, మొత్తం 2,000.

చివరిది పెన్‌డ్రైవ్‌లు. 25 కొన్నాం, 340 చొప్పున 8,500. ఇది దండగ అని కమిటీలోనే ఒకరన్నారు. పాత బ్లాగులను భద్రం చేసి ఇచ్చే బల్ల కోసం కొన్నవి ఇవి. బ్లాగర్‌లో (గూగుల్ వారి బ్లాగు సేవలో) బ్యాకప్ తీస్తే రాతలు, వ్యాఖ్యలు వస్తాయి కానీ ఫొటోలు కూడా అందులో వచ్చాయో లేదో చూసుకోవాలి. రాకపోతే వాటిని విడిగా దించుకోవాలి. ఇది చాలామందికి తెలియదు. హిందూపురం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు 2008లో బ్లాగు మొదలుపెట్టారు. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖినిలో కొట్టి అతికించుకున్న రోజులు, తెలుగు బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకచోట చూపించే కూడలి సైటులో తన టపా (పోస్టు) కనిపిస్తుందేమోనని చూసుకున్న రోజులు అవి. ఇప్పుడు పాస్‌వర్డు గుర్తులేదు, అప్పుడిచ్చిన ఫోన్ నంబరూ లేదు. ఖాతా తెరుచుకోలేదు. మన పిల్లలిద్దరు భోజనం కూడా ఆలస్యం చేసుకుని, సాయంత్రం దాకా కూర్చుని, 212 టపాలను ఒక్కో పేజీగా దించి ఇచ్చారు. ఆయన ఆ పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, బస్సెక్కేదాకా చెయ్యి జేబు మీదే ఉంచుకున్నారు. మొత్తం ఖర్చులో మాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఈ 8,500.

పదిహేడు పెన్‌డ్రైవ్‌లు ఇచ్చేశాం, ఎనిమిది మిగిలాయి. బ్యానర్లతో పాటు అవి కార్యదర్శి దగ్గర ఉన్నాయి. పాత బ్లాగు దాచుకోవాలనుకునేవారు అడిగి తీసుకోవచ్చు.

బిల్లులు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఒక ఫైల్లో పెట్టాం. వచ్చే రెండు ఆదివారాలు ఉదయం 10 నుంచి 12 వరకు మనం మామూలుగా కలిసే చోట ఆ ఫైలు ఉంటుంది. డబ్బు ఇచ్చినవారే కాదు, ఎవరైనా చూడవచ్చు. లెక్కలో తేడా కనిపిస్తే చెప్పండి, సరిచేసి మళ్లీ అందరికీ పంపుతాం.

కమిటీ తరఫున,
కోశాధికారి