22 గజాల గుంత గురించి క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మీకు నేను రాస్తున్న ఆరో లేఖ ఇది. ముందిచ్చిన ఐదు అర్జీల రసీదులూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పథకం గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. మా మైదానంలో టర్ఫ్ పిచ్, అంటే మట్టితో చేసే పిచ్, వేస్తామన్నారు. శిలాఫలకం పెట్టారు, జేసీబీ తెచ్చి తవ్వారు. రెండేళ్లయింది. ఇప్పుడక్కడ 22 గజాల గుంత ఉంది. ఇదివరకు అదే చోట సిమెంటు పిచ్ ఉండేది. దాని మీద మ్యాటు పరిచి, మూలల్లో మేకులు కొట్టుకుని ఆడుకునేవాళ్లం. దాన్ని పగలగొట్టి మరీ తవ్వారు. ఉన్నదీ పోయింది, ఇస్తామన్నదీ రాలేదు. వాన పడితే నీళ్లు నిలుస్తాయి. ఎండితే అడుగున మట్టి పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. టర్ఫ్ పిచ్‌కి కావలసింది కింద కంకర, ఇసుక, పైన నల్లరేగడి, ఆ తర్వాత రోలర్, నీళ్లు, ఓపిక. నల్లరేగడి మా ఊరి చుట్టూ చేలల్లోనే ఉంది సార్. పిల్లల తండ్రులు సొంత ట్రాక్టర్లతో తోలుతామని ముందుకొచ్చారు. సర్కారు పనిలో చెయ్యి పెడితే కేసవుతుందని ఆఫీసులో అన్నారు. మీరు వెయ్యరు, మమ్మల్ని వేసుకోనివ్వరు. మేమేం చెయ్యాలి?

నా దగ్గర క్రికెట్ నేర్చుకునే పదమూడేళ్ల కుర్రాడున్నాడు. ఓపెనర్. గుంత పక్కన గతుకుల నేల మీద ఆడుతున్నాడు. బంతి ఎప్పుడు మొహం మీదికి లేస్తుందో తెలియక వెనక్కి జరగడం అలవాటైపోయింది. మొన్న సెలెక్షన్స్‌లో మొదటిసారి టర్ఫ్ మీద నిలబడ్డాడు. కొత్త బంతి, మూడో డెలివరీ, గుడ్ లెంగ్త్‌లో పడి లోపలికొచ్చింది. వాడి ముందు కాలు అరడుగు కదిలి ఆగిపోయింది. ఆఫ్ స్టంప్ ఎగిరింది. ప్యాడ్లు విప్పకుండానే చెట్టు కింద కూర్చుని, "ముందుకే వెళ్దామనుకున్నా సార్, కాలు రాలేదు" అన్నాడు. ఆ పిల్లాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఆ రాత్రంతా నాకు ఎం.ఎల్. జయసింహ గారే గుర్తొచ్చారు. భారత టెస్టు బ్యాట్స్‌మన్, 1939లో సికింద్రాబాద్‌లో పుట్టిన మనిషి. పదిహేనేళ్లకే హైదరాబాద్ తరఫున రంజీ ఆడారు. 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఒకే టెస్టులో ఐదు రోజులూ బ్యాటింగ్ చేశారు. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ చెయ్యనిది. అదే ఏడాది డిసెంబర్‌లో కాన్పూర్‌లో పాకిస్తాన్ మీద ఎనిమిది గంటలకు పైగా క్రీజులో ఉండి 99 దగ్గర రనౌట్ అయ్యారు. కాలర్ ఎత్తుకుని నడిచే ఆయన స్టైల్ గురించే అందరూ చెప్పుకుంటారు. 39 టెస్టులు, 2056 పరుగులు, 3 సెంచరీలే కదా అనేవాళ్లూ ఉన్నారు. గవాస్కర్ తన కొడుకు పేరులో 'జై' అని ఆయన పేరు కలుపుకున్నారంటే ఊరికే కలుపుకోలేదు. నాకు మాత్రం ఆ ఎనిమిది గంటలే కళ్ల ముందు ఉంటాయి. కాలి కింద నేల మీద నమ్మకం లేనివాడికి అంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మాటే అంటే ఒక అధికారి, "జయసింహ బ్రిస్బేన్‌లో ప్రాక్టీసు లేకుండానే సెంచరీ కొట్టాడుగా" అన్నారు. నిజమే. 1968లో ఆస్ట్రేలియాలో సిరీస్ మధ్యలో కబురొస్తే విమానమెక్కి వెళ్లి, ఆ టెస్టులో 74, 101 కొట్టారు. మన జట్టు 39 పరుగుల తేడాతోనే ఓడింది. కానీ అప్పటికి ఆయన వెనకాల పదమూడేళ్ల ఆట ఉంది సార్. మా వాడి వయసంత ఆట. దాన్ని ఏ విమానమూ మోసుకురాదు.

పెద్ద స్టేడియం అడగడం లేదు. ఫ్లడ్‌లైట్లు అడగడం లేదు. ఆ గుంత పూడ్పించండి. మట్టి పోయించండి. అది కుదరకపోతే మేమే పోసుకుంటాం, ఒక్క కాగితం ముక్క ఇప్పించండి. అదీ కుదరకపోతే పగలగొట్టిన మా సిమెంటు పిచ్ మాకు తిరిగి ఇప్పించండి. ఏదో ఒకటి చెయ్యండి సార్, దండం పెట్టి అడుగుతున్నాను. మా కుర్రాడికి వచ్చే ఏడు అండర్-14 వయసు దాటిపోతుంది. అర్జీ మళ్లీ పెట్టుకోవచ్చు, ఆ ఏడాది మళ్లీ రాదు.

రసీదులు నా దగ్గరే ఉన్నాయి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక క్రికెట్ కోచ్