సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సంఘ సభ్యులందరికీ నమస్కారాలు.

మన సంఘం ఆశయాలు మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. గత సమావేశం తర్వాత కార్యవర్గం తొమ్మిదిసార్లు కలిసింది. కోరం లేక మరో రెండుసార్లు వాయిదా వేయాల్సి వచ్చింది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది పుస్తకం గురించి. పరదేశాల సాయంతో విశాఖలో జరిగిన పురపాలక పనుల వివరాలు 32 పేజీల్లో, పెద్ద అక్షరాల తెలుగులో తెచ్చాం. 1988లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలైన మురికివాడల అభివృద్ధి పథకం అందులో ఉంది. ఆ తర్వాత అదే దేశం ఉమ్మడి రాష్ట్రంలో 42 పట్టణాల పేదల కోసం ఇచ్చిన సాయమూ ఉంది. 2015 జనవరి 25న, ఒబామా ఢిల్లీకి వచ్చినప్పుడు, అజ్మీర్, అలహాబాద్‌లతో పాటు విశాఖ స్మార్ట్ సిటీకి కుదిరిన అమెరికా ఒప్పందం సంగతీ రాశాం. ఫ్రాన్స్ అభివృద్ధి సంస్థ, యూరోపియన్ యూనియన్ కలిసి 12 నగరాలకు చేయూతనిచ్చిన సిటీస్ (CITIIS) పథకానికి ఒక అధ్యాయం కేటాయించాం. అందులో మన మున్సిపల్ స్కూళ్ల బాగుసేత ఉంది, అమరావతి పేరూ ఉంది.

ఆవిష్కరణ కల్యాణ మండపంలో పెడదామని కొందరన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. బ్రిటన్ పథకం రోజుల్లో కట్టిన కొండవాలు బస్తీ కమ్యూనిటీ హాల్లోనే పెట్టాం. ముందు రోజు సాయంత్రం మహిళా విభాగం అక్కచెల్లెళ్లు గోడ మీద శిలాఫలకం కనిపెట్టారు. దాని మీద ఎన్ని పొరల సున్నం పడిందో! నీళ్లు చల్లి, కొబ్బరిపీచుతో రుద్దితే ఒక్కో అక్షరం బయటపడింది. ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దమ్మ వేలితో అక్షరాలు తడిమి, ‘ఈ రాయి వేసిననాడు నేనిక్కడే ఉన్నాను బాబూ’ అంది. అంతకుముందు కొండ కింది నుంచి బిందెలు మోసేవాళ్లట. పథకం వచ్చాక మెట్లు, వీధి దీపాలు, కుళాయి వచ్చాయట. మర్నాడు సభలో మైకు అందుకుని ఆమె అడిగిన మాట ఇది: ‘కుళాయి ఇచ్చినోళ్లు వెళ్లిపోయారు. పాడైతే ఎవర్నడగాలో మాకెవరూ చెప్పలేదు.’ సభలో కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు.

ఆ ప్రశ్నకు విశ్రాంత మున్సిపల్ ఇంజనీరు గారు ఓపిగ్గా జవాబిచ్చారు. పరాయి దేశం డబ్బుతో కట్టిన దాన్ని, పథకం ముగిశాక నిలబెట్టాల్సింది స్థానిక సంస్థే. ఒప్పందం రాసేటప్పుడే నిర్వహణ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో వార్డుకు తెలియాలి. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి నగరం సొంతంగా సంతకం చేసి ఊరుకోలేదు. 2014లో కాశీ, జపాన్‌లోని క్యోటో నగరాల మధ్య ఒప్పందం కుదిరిందన్నా రెండు దేశాల ప్రధానుల సమక్షంలోనే కుదిరింది. నగరాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోవడం మాత్రం పాత అలవాటే. బెల్జియంలోని గెంట్‌లో 1913లోనే పురపాలికల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, దాని వారసురాలైన సంస్థ 2004 నుంచి బార్సిలోనా కేంద్రంగా నడుస్తోంది. ఈ సంగతులు విని ఇద్దరు ఇంటర్ పిల్లలు మన సంఘంలో చేరారు. మనకింకేం కావాలి!

ఇక చెప్పక తప్పని మాట ఒకటుంది. పుస్తకాలు పంచడానికి 14 మంది పేర్లిచ్చారు. వచ్చింది నలుగురు. మిగతా వార్డులు వాళ్లే తిరిగారు, ఎండలో. రెండు కార్యాలయాలకు ఆహ్వానపత్రాలు చేతికిచ్చి, రసీదు మీద స్టాంపు కూడా వేయించుకున్నాం. ముందు వరసలో వాళ్ల కోసం వేసిన కుర్చీలు సభ ముగిసేదాకా ఖాళీగానే ఉన్నాయి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు ఇంగ్లీషులో వచ్చింది, అనుబంధాలు లేకుండా. అప్పీలు చేశాం. రాని వాళ్ల మీద కోపం లేదని చెప్పలేను. పని మాత్రం ఆగలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచిన కాగితంలో ఉన్నాయి. ఆడిట్ అయింది. అచ్చు ఖర్చు పోగా మిగులు కొద్దిగానే ఉంది. చందా బాకీలున్నవారు ఈరోజే కట్టేస్తే మేలు.

షామియానా ఉచితంగా వేసిన మిత్రుడికి, కుర్చీలిచ్చిన స్కూలు ప్రధానోపాధ్యాయురాలికి, ప్రూఫులు రెండుసార్లు దిద్దిన తెలుగు మాస్టారికి, లాభం చూసుకోకుండా అచ్చేసిన ప్రెస్ యజమానికి, తెల్లవారుజామున లేచి 200 మందికి ఉప్మా వండిన అక్కలకు, ఆ నలుగురు కార్యకర్తలకు, ఆ పెద్దమ్మకు సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించండి.

వచ్చే ఏడాదికి ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. పరదేశ సాయంతో కట్టిన ప్రతి హాలు, కాలువ, మెట్ల దారి ఇప్పుడెలా ఉందో, దాని మరమ్మతు ఎవరి బాధ్యతో వార్డులవారీగా జాబితా రాద్దాం. పేర్లిచ్చే కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. వచ్చేవాళ్లే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి