కొత్త కంప్యూటర్ సైన్స్ లెక్చరర్లకు కాస్త టైమ్ ఇప్పించండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కంప్యూటర్ సైన్స్‌లో కొత్తగా చేరే అధ్యాపకుల శిక్షణ గురించి ఈ ఉత్తరం. ఇప్పుడు చాలాచోట్ల శిక్షణంటే వారం రోజుల వర్క్‌షాప్, ఒక గ్రూప్ ఫొటో, ఒక సర్టిఫికెట్.

పీహెచ్‌డీ అంతా కంపైలర్ల (మనం రాసిన ప్రోగ్రామ్‌ను మెషీన్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) మీద చేసిన మనిషికి మొదటి సెమిస్టర్‌లోనే డేటాబేసులు, నెట్‌వర్కులు, పైథాన్ ల్యాబ్ అన్నీ అంటగడతారు. రాత్రి స్లైడ్లు, పొద్దున క్లాసు, మధ్యాహ్నం ల్యాబ్. ఆ ల్యాబ్‌లో ఒక కుర్రాడు ప్రోగ్రామ్ రన్ చేసి చూపిస్తాడు, టెస్టులన్నీ పాస్, "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తాడు. అడిగితే ప్రోగ్రామ్ కూడా రాసిచ్చే చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చాక ఇది మామూలైపోయింది. మార్కులు వెయ్యాలా, మళ్లీ రాయించాలా, అసలు పరీక్ష పద్ధతే మార్చాలా? వర్క్‌షాప్‌లో దీనికి జవాబు దొరకదు. ఏళ్లుగా అదే ల్యాబ్ నడిపిన సీనియర్ పక్కన ఒక సెమిస్టర్ ఉంటే దొరకొచ్చు (ఆ సీనియర్‌కీ సగమే తెలిసి ఉండొచ్చు, కనీసం ఇద్దరూ కలిసి తల పట్టుకుంటారు).

ఇక ప్రమోషన్ల టెన్షన్. మా సబ్జెక్టులో పెద్ద పరిశోధనలు చాలావరకు ముందు కాన్ఫరెన్సుల్లోనే వస్తాయి. చాట్‌జీపీటీ లాంటివాటికి పునాది వేసిన ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ 2017లో వచ్చింది కాన్ఫరెన్సులోనే. కంప్యూటర్ సైన్స్ వాళ్ల పనిని అంచనా వేసేటప్పుడు కాన్ఫరెన్సు పేపర్లనీ, తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌నీ లెక్కలోకి తీసుకోవాలని అమెరికాలోని కంప్యూటింగ్ రీసెర్చ్ అసోసియేషన్ 1999లోనే రాసిపెట్టింది. అయినా చాలాచోట్ల ఫారాల్లో జర్నల్ గడులకే విలువ. దాంతో కొత్తవాళ్లు ఎవరూ చదవని జర్నల్‌లో డబ్బు కట్టి మరీ వేయించుకుంటున్నారు, వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. మొదటి రెండేళ్లు క్లాసులు సగానికి తగ్గించండి, చెప్పిన సబ్జెక్టునే వరసగా రెండోసారి చెప్పనివ్వండి, ఎందుకంటే మొదటిసారి మనం నేర్చుకోవడంతోనే సరిపోతుంది. తోడుగా ఒక సీనియర్‌ని పెట్టి, ఆ గంటల్ని ఆ సీనియర్ పనిగంటల్లో కలపండి, లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. ఏడాదికో కాన్ఫరెన్సుకు, పేపర్ లేకపోయినా సరే, ప్రయాణ ఖర్చులివ్వండి. కాన్ఫరెన్సు పేపర్లకు, సాఫ్ట్‌వేర్‌కు ఫారంలో చోటు పెట్టించండి. వర్క్‌షాపులకు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించినా పని మొదలవుతుంది. సర్క్యులర్ మాత్రం వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ వేసేలోపే పంపించండి, ఆ తర్వాత వస్తే ఈసారి చేరినవాళ్లకు అందదు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు