డీవీఆర్ మార్చే ముందు ఒక తువ్వాలు కప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

"సీసీ కెమెరాలున్నా దొంగ దొరకలేదు" అనే వార్త మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. చదివి, అయ్యో అనుకుని పేజీ తిప్పేసేవాణ్ణి. సంక్రాంతి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి ఒక బైకు పోయేసరికి ఆ వార్తలో మేమే ఉన్నాం.

మాకు ఎనిమిది కెమెరాలు, వాచ్‌మన్ గదిలో అటక మీద ఒక డీవీఆర్, అంటే ఆ కెమెరాల బొమ్మలు రికార్డు చేసే పెట్టె. అసోసియేషన్ సెక్రటరీ అన్న పాపానికి కానిస్టేబుల్ పక్కన కూర్చుని రికార్డింగ్ తెరిచింది నేనే. తీరా చూస్తే డీవీఆర్ లెక్కలో ఆ రోజు 2000 జనవరి 3. అంటే కొని మూడేళ్లయినా కాని బైకు పాతికేళ్ల కిందటే పోయిందన్నమాట! మూడు రోజుల కింద కరెంటు పోయిన సంగతి వాచ్‌మన్ గుర్తుచేస్తే, అక్కడి నుంచి గంటలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఎలాగో ఆ రాత్రిని పట్టుకున్నాం. పట్టుకుని మాత్రం ఏం లాభం? సాయంత్రం దాకా గేటు కెమెరాలో బొమ్మ అద్దంలా ఉంది, చీకటి పడగానే అడ్డగీతలు మొదలయ్యాయి, కాసేపటికి బొమ్మే పోయి "వీడియో లాస్" అన్న అక్షరాలు మిగిలాయి. తెల్లారాక పాలప్యాకెట్లు వేసే అబ్బాయి మళ్లీ చక్కగా కనిపించాడు.

కెమెరాలు బిగించిన కుర్రాడిని పిలిస్తే పెట్టె మీద చేయి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, "డీవీఆర్ పోయింది సార్, కొత్తది ఏస్తే పన్నెండు వేలైతది" అన్నాడు. మా అసోసియేషన్ మీటింగ్‌లో పన్నెండు వేలు పోగుచేయడం కంటే దొంగను పట్టుకోవడమే తేలిక. అందుకే మా వీధి చివర పాత టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, "కాకా, ఒక్కసారి వచ్చి చూసిపో" అని బతిమాలాను.

ఆయన మిట్టమధ్యాహ్నం వచ్చాడు. డీవీఆర్ వైపు కూడా చూడలేదు. స్టూలు వేసుకుని గేటు కెమెరా ముందు భాగానికి తన భుజం మీది తువ్వాలు చుట్టేశాడు. రాత్రయిందనుకుని కెమెరా లోపలి ఎర్ర చుక్కలు వెలిగాయి. గదిలో తెర మీద, పట్టపగలు, అవే అడ్డగీతలు. తువ్వాలు తీశాడు, గీతలు పోయాయి. మళ్లీ చుట్టాడు, మళ్లీ వచ్చాయి. తర్వాత మీటరు పెట్టి చూపించాడు: ఆ కెమెరాకు అందాల్సింది 12 వోల్టులు, పగలు 11 పైచిలుకు అందుతోంది, ఆ చుక్కలు వెలిగితే 9కి పడిపోతోంది. చీకట్లో చూడడానికి వెలిగే ఆ లైట్లకు కరెంటు ఎక్కువ కావాలి. గేటేమో పెట్టెకు దాదాపు 60 మీటర్ల దూరం. మాకు వేసిన వైరు పైకి రాగిలా మెరుస్తుంది కానీ గోరుతో గీకితే లోపల తెల్లటి అల్యూమినియం. అంత దూరం అంత సన్నని తీగలో వోల్టేజీ దారిలోనే కరిగిపోతుంది. గేటు దగ్గరున్న ప్లగ్గులో వేరే అడాప్టర్ పెట్టి కెమెరాకు కరెంటు అక్కడి నుంచే ఇచ్చాడు. ఐదారు వందల్లో పని అయిపోయింది. ఆ రాత్రి పదింటికి గేటు ముందు పడుకున్న కుక్క చెవులు కూడా కనిపించాయి.

పని చేస్తూ ఆయన చెప్పినవి ఇంకొన్ని ఉన్నాయి. గీతలు వస్తున్నది ఒక్క కెమెరాలోనా, అన్నింటిలోనా చూడాలి. అన్నింటిలో వస్తే అన్ని కెమెరాలకూ కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె మీదో డీవీఆర్ మీదో అనుమానపడొచ్చు. ఒక్కదాంట్లోనే అయితే ఆ వైరును డీవీఆర్ వెనక వేరే చానెల్‌కు, అంటే ఇంకో కెమెరా వైరు గుచ్చే చోటికి, మార్చి గుచ్చండి. గీతలు వైరుతో పాటు కొత్త చానెల్‌కు వెళ్తే తప్పు వైరుదో కెమెరాదో, పాత చానెల్‌లోనే ఉండిపోతే అప్పుడు పెట్టెది. మా లిఫ్ట్ దగ్గరి కెమెరాలో వైరు కొసన ఉండే బీఎన్‌సీ పిన్ వానకు తడిసి పచ్చగా చిలుము పట్టింది, కోసి కొత్త పిన్ వేశాక బాగైంది. మెట్ల దగ్గర ట్యూబ్‌లైట్ వెలుగులో బొమ్మ మీద పట్టీలు కిందికి జారుతుండేవి. దానికి పైసా ఖర్చు లేదు, సెట్టింగ్‌లో 60 హెర్ట్జ్ ఉంటే మన దేశపు కరెంటుకు సరిపోయే 50కి మార్చాం, అంతే.

లైవ్ బాగుండి ప్లేబ్యాక్‌లో బొమ్మ ఆగి ఆగి దూకుతుంటే మాత్రం వైర్ల జోలికి పోకండి, హార్డ్ డిస్క్ చూడండి. రోజంతా ఆగకుండా రాయడానికి తయారుచేసిన డిస్కులు విడిగా దొరుకుతాయి, పాత కంప్యూటర్లోంచి పీకి పెట్టింది ఈ చాకిరీకి ఎక్కువ కాలం ఆగదు. ఇంకో మోసం ఉంది, మోసం అనకూడదేమో, సర్దుబాటు అందాం. 2 మెగాపిక్సెల్ కెమెరాకు సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 43 జీబీ, ఎనిమిదింటికి కలిపి 345 జీబీ దాకా అవుతుంది. 1 టీబీ డిస్కు మూడు రోజులకే నిండుతుంది. కానీ మనం "నెల రోజులు రావాలి" అంటాం, పెద్ద డిస్కుకు డబ్బు ఇవ్వం. అప్పుడు బిగించేవాడు ఆ 4ను ఒకటికీ అరకూ దించేస్తాడు. ఖాళీ గోడ బాగానే కనిపిస్తుంది, బండి కదలగానే నంబర్ ప్లేటు గళ్ల లుంగీ అయిపోతుంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. సెక్యూరిటీ టేబుల్ దగ్గర మైకు పెట్టించాం (మాటలు రికార్డవుతాయని బోర్డు కూడా పెట్టాం), కానీ వినబోతే ఎప్పుడూ జుయ్య్ మనే మోత. మైకు వైరును ఇన్వర్టర్ తీగలతో కలిపి ఒకే పైపులో లాగేశారు, విడదీశాక మోత పోయింది. ఇంత చేసి రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లోకి తీస్తే మాట లేదు! సెట్టింగ్‌లో వీడియో ఒక్కటే అని ఉంది, వీడియో-ఆడియో అని పెట్టాలట, అదీ చానెల్ చానెల్‌కూ విడిగా.

ఇక ఆ 2000 జనవరి. డీవీఆర్ లోపల చేతి గడియారంలో వేసేలాంటి గుండ్రని సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటే ఏ వాచీల కొట్లోనైనా ఇస్తారు. అది అయిపోయాక కరెంటు పోతే గడియారం మొదటికి వస్తుంది. ఇది చిన్న విషయం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డింగ్ కోర్టుకు వెళ్లాలంటే ధ్రువపత్రం జతచేయాలి, ఆ సమయంలో యంత్రం సరిగ్గా పనిచేసిందని రాసివ్వాలి. పాతికేళ్ల కిందటి తేదీ పడ్డ వీడియోకు నేను ఏమని సంతకం పెట్టాలి?

ఒకేసారి 100 మంది, అంతకు మించి చేరే చోట్ల కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగ్ 30 రోజులు ఉంచాలనీ 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం తెచ్చారు. "నేను సైతం" పేరుతో హైదరాబాద్ పోలీసులు కాలనీల చేత కూడా పెట్టించారు. మంచిదే. కానీ తనిఖీకి వచ్చేవాళ్లు కెమెరాలు లెక్కపెట్టి వెళ్లిపోతున్నారు. లెక్కపెట్టాక, "నిన్న రాత్రి రెండు గంటలది ఒక్క నిమిషం వేసి చూపించండి, శబ్దంతో" అని అడిగితే చాలు, సగం చోట్ల మాలాగే తెల్లమొహం వేస్తారని నా అనుమానం. బిగించేవాళ్లు కూడా వైరు అసలు రాగిదో కాదో బిల్లు మీద రాసివ్వాలి. అడగకుండా ఎవరూ రాయరు కాబట్టి అడగండి.

మా బైకు ఇంకా దొరకలేదు. పోయిందన్న డీవీఆర్ మాత్రం అటక మీదే పనిచేస్తోంది. ప్రతి నెలా ఒకటో తారీఖున మెయింటెనెన్స్ వసూలుకు కూర్చున్నప్పుడు ముందురోజు రాత్రి రికార్డింగ్ ఒకసారి వేసి చూస్తున్నాం.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శి,
హనుమకొండ